నాలుగు నెలలు ప్రభువు బల్లకు దూరంగా: నా అనుభవం

ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పడి మా చర్చి సంఘం డబ్బు వాడుకున్నవాణ్ణి నేను. ఒప్పుకుంటే ఏం జరుగుతుందో తెలియక ఏడాదిన్నర దాచాను. ఊళ్ళో తలెత్తుకు తిరగలేననుకున్నాను. నా భార్య పుట్టింటికి వెళ్ళిపోతుందనుకున్నాను. మా పాస్టరు అయ్యగారు మందిరం మెట్లు ఎక్కనివ్వరనుకున్నాను. వాటిలో కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు, నేను అనుకోనివి ఇంకొన్ని జరిగాయి. అప్పట్లో నేనున్న స్థితిలో ఇవాళ ఎవరైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్ళే దారిలో ఒక ఊరు. గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. స్లాబ్‌ల కొలతలు రాసుకోవడం, లారీ లోడయ్యాక బిల్లు కొట్టడం నా పని. జీతం 19,000. మా తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘమే. లెక్కలు బాగా రాస్తానని 2021లో నన్ను సంఘానికి కోశాధికారిని చేశారు.

2023 అక్టోబరులో వరల్డ్ కప్ జరుగుతున్నప్పుడు ఫ్యాక్టరీ బయట టీ బంకు దగ్గర తోటి పనివాడు ఒకడు ఫోన్‌లో చూపించాడు. మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ పందేల మీద నిషేధం ఉంది. అయినా టెలిగ్రామ్‌లో ఒక లింకు వస్తుంది, అది నొక్కితే పని జరిగిపోతుంది. మొదటిసారి 200 పెట్టాను, మూడు రోజుల్లో 1,900 అయింది. ఆ డబ్బుతో పిల్లలకి బిర్యానీ తీసుకెళ్ళాను. ఓవర్‌టైం చేశానని ఇంట్లో చెప్పాను. నా మొదటి అబద్ధం అదే.

2024 ఐపీఎల్ అయ్యేసరికి నా భార్య గాజులు రెండు బ్యాంకులో ఉన్నాయి. మా అన్న ఆసుపత్రి ఖర్చులకని ఆమెకి చెప్పాను. అదే మే నెలలో మందిర నిర్మాణ నిధిలోంచి 9,000 తీసి, జీతం రాగానే తిరిగి పెట్టేశాను. ఇక్కడే నేను ఘోరంగా మోసపోయాను. తిరిగి పెట్టగలిగాను కాబట్టి అది దొంగతనం కాదు, చేబదులు అని మనసుకి నచ్చజెప్పుకున్నాను. ఆ ఒక్క మాటతో తర్వాతి ఏడాదికి తలుపు తీసిపెట్టుకున్నాను.

2025లో శ్రమదినాలు, అంటే ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల ప్రార్థనలు, మార్చి 5న మొదలయ్యాయి. ఐపీఎల్ మార్చి 22న మొదలైంది. నలభై రోజులూ సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకోవడం మా ఊళ్ళో అలవాటు, ఏడింటికి మొదలై ఎనిమిదిన్నర దాకా జరుగుతుంది. మ్యాచ్ ఏడున్నరకి. మార్చి 23 ఆదివారం నిర్మాణ నిధికి 22,500 పోగైంది. సోమవారం బ్యాంకులో కట్టాల్సిన డబ్బు. ఆ మధ్యాహ్నమే హైదరాబాద్ టీమ్ 286 కొట్టింది, నేను గెలిచాను. గెలిచినవాణ్ణి సోమవారం బ్యాంకుకి వెళ్ళాలి గదా. వెళ్ళలేదు. ఇంకో రెండు మ్యాచ్‌లు గెలిస్తే గాజులు కూడా విడిపించొచ్చని లెక్క వేసుకున్నాను.

మార్చి 27 గురువారం ప్రార్థన మా వెనక వీధిలో ఒక ఇంట్లో. ఆ సాయంత్రాన్ని నేను మర్చిపోలేను. నా బైబిల్‌కి జిప్పు ఉన్న రెగ్జిన్ కవర్ ఉంటుంది. ఆ కవర్ లోపలి అరలో ఫోన్ పెట్టి, బైబిల్ తెరిచి చూస్తున్నట్టుగా స్కోరు చూస్తున్నాను. వెలుతురు కనపడకుండా స్క్రీన్ పూర్తిగా తగ్గించాను. నా పక్కన చాప మీద ఒక అవ్వ కూర్చుంది. చూపు సరిగ్గా ఆనదు ఆమెకి. నేను వాక్యం వెతుకుతున్నాననుకుని మెల్లిగా నా మోచెయ్యి పట్టుకుని, "ఏ అధ్యాయం నాయనా?" అని అడిగింది. నేను ఏదో ఒక అంకె చెప్పాను. ఆ అంకె చూసుకుని ఆమె తన పెద్దక్షరాల బైబిల్‌లో పేజీలు తిప్పుకుంటూ ఉండిపోయింది. ఆ రాత్రి హైదరాబాద్ ఓడిపోయింది. మార్చి 30 ఆదివారం కానుకల్లోంచి మరో 9,000 తీశాను. అదీ పోయింది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఈ రోజుల్లో నేను ప్రార్థన మానలేదు. ఇంకా ఎక్కువ చేశాను. "ప్రభువా, ఈ ఒక్కటి గెలిపించు, ఇదే ఆఖరు, సంఘం డబ్బు సంఘానికి కట్టేస్తాను" అని మోకాళ్ళ మీద ఏడ్చాను. శోధనలో, అంటే పాపం లాగుతున్న స్థితిలో, ఉన్నవాడు ప్రార్థనకి దూరమవుతాడని అందరూ అంటారు. నా విషయంలో ప్రార్థన కూడా పందెంలో భాగమైపోయింది. బయటివాళ్ళకి నేను మునుపటికంటే భక్తిగా కనిపించి ఉంటాను.

ఏప్రిల్ 6, నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన అది. రొట్టె పళ్ళెం వరసల్లో తిప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినాలని అయ్యగారు కొరింథీయుల పత్రికలోంచి చదివారు. చిన్నప్పటి నుంచి నెలనెలా విన్న మాటే. పళ్ళెం పట్టుకుని వరసలన్నీ తిరిగాను, అందరి చేతులూ అందులోకి వచ్చి వెళ్ళాయి. పిండి, ఉల్లిపాయ, బీడీ వాసనల చేతులు, గోరింటాకు పెట్టుకున్న చేతులు. చివర నాది తీసుకోవాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి లేవలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టేసి వచ్చి కూర్చున్నాను. ఎవరూ గమనించలేదనుకున్నాను.

ఇంటికొచ్చాక అన్నం వడ్డించి నా భార్య అడిగింది. "ఏందయ్యా, పళ్ళెం తిప్పినోడివి నువ్వే, నువ్వెందుకు తీసుకోలా?"

కడుపులో బాలేదన్నాను. ఆమె ఏమీ అనకుండా గిన్నెలు తీసింది. సాయంత్రం నాలుగున్నరకి వంటింట్లోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఇలా చెప్పాలని ముందే అనుకున్నదేమీ లేదు, నోటికి ఎలా వస్తే అలా చెప్పాను. ఆమె చాలాసేపు పొయ్యి కట్ట తుడుస్తూనే ఉంది. తర్వాత ఒక్క మాట అడిగింది, "మీ అన్నకి జబ్బే లేదా?" డబ్బు సంగతి కంటే అదే ఆమెని ఎక్కువ కోసింది. ఆయన కోసం ఆమె మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేసింది.

ఆ రాత్రి కూడా హైదరాబాద్ మ్యాచ్ ఉంది. పందెం అప్పటికే పెట్టేసి ఉన్నాను. ఆమె నా ఫోన్ తీసుకుని బియ్యం డబ్బాలో చెయ్యి లోపలి దాకా పెట్టి పూడ్చేసింది. ఏడున్నరయ్యింది. పక్కింటి టీవీలోంచి అరుపులు వినిపిస్తున్నాయి. నా కాళ్ళు వణికాయి. జ్వరం వచ్చినవాడిలా చెమట పట్టింది. పది దాకా గడప మీద కూర్చున్నాను. ఎవరు గెలిచారో తెలియకుండా పడుకున్న మొదటి రాత్రి అది. నిద్ర మాత్రం పట్టలేదు.

ఏప్రిల్ 7 సోమవారం సాయంత్రం ఐదింటికి అయ్యగారి ఇంటికి వెళ్ళాను. వేరే ఊళ్ళో భూస్థాపన కార్యక్రమానికి వెళ్ళారట, ఎనిమిదింపావుకి వచ్చారు. ఆ మూడు గంటల్లో నాలుగుసార్లు లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అమ్మగారు రెండుసార్లు టీ ఇచ్చారు, ఏమీ అడగలేదు. ఆమె ఏదైనా అడిగి ఉంటే వేరే కథ చెప్పి లేచి వచ్చేసేవాణ్ణేమో.

విన్నాక ఆయన కోప్పడతారనో తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారనో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "ఎంత?" అన్నారు. తెలియదన్నాను. "లెక్కలు రాసేవాడివి, నీ లెక్క నీకు తెలియదా? ప్రార్థన చివర్లో చేద్దాం, ముందు రాయి" అని పాత శుభలేఖ ఒకటి తిప్పి ఇచ్చారు. రాయడానికి గంట పట్టింది. సంఘానికి 31,500. గాజుల మీద బ్యాంకుకి 1,10,000. లోన్ యాప్‌లకి 42,000. మనుషులకి 55,000. మొత్తం 2,38,500. అంతకుముందు జీతంలోంచి పోయినవి ఇందులో లేవు. నా చేతిరాతలో ఆ మొత్తం చూడటం నాకు అదే మొదటిసారి. అప్పటిదాకా అది నాకు ఒక భయంగానే ఉండేది. కాగితం మీదకి వచ్చాక అంకె అయింది.

అపవాది నన్ను శోధించాడయ్యగారూ అన్నాను. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 14వ వచనం తీసి నన్నే చదవమన్నారు. ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులుకొల్పబడినవాడై శోధింపబడును అని ఉంది. "మళ్ళీ చదువు" అన్నారు. మూడుసార్లు చదివించారు. మూడోసారికి 'తన స్వకీయమైన' అన్న మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది.

లేవబోతూ ఒక సంగతి అడిగాను. యాప్‌లో ఇంకా 6,400 మిగిలి ఉంది, ఆ ఒక్కటీ బయటికి తీసుకుని సంఘానికి కట్టి యాప్ తీసేస్తానని. అది తీసుకోవాలంటే ఇంకో రెండు పందేలు ఆడాలని నిబంధన ఉంది. అయ్యగారు వెంటనే, "వదిలెయ్. అది నీ డబ్బు కాదు, గాలానికి గుచ్చిన ఎర" అన్నారు. ఈ వలలో ఉన్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. మానేద్దామనుకున్న రోజున మనల్ని ఆపేది పోయిన లక్షలు కాదు, అందులో మిగిలిన ఆ కొద్ది వేలు. ఆ 6,400 ఇప్పటికీ అందులోనే ఉందో, ఏమైందో నాకు తెలియదు.

ఏప్రిల్ 8న నా భార్య పిల్లల్ని తీసుకుని పొదిలిలో పుట్టింటికి వెళ్ళింది. నాలుగో రోజు తిరిగొచ్చింది. పిల్లల పరీక్షల కోసం వచ్చానని, నా కోసం రాలేదని చెప్పింది. నేను ఎదురు మాట్లాడలేదు.

ఏప్రిల్ 12 శనివారం రాత్రి సంఘ పెద్దల ముందు కూర్చున్నాను. ఏడుగురు. అందులో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన ఒకరు, నాకు వరసకి మామ. నేను చెప్పడం పూర్తికాక ముందే ఆయన లేచారు. "ఆ డబ్బులో అవ్వ పెన్షన్ ఐదువందలుంది. నాలుగువేల పెన్షన్‌లో ఐదువందలు. తెలుసా నీకు?"

"తెలుసు మామా. రసీదు రాసింది నేనే."

ఆ జవాబుకి గదిలో ఎవరూ మాట్లాడలేదు. పోలీసు కేసు పెట్టాలని ఒకరన్నారు, ఊళ్ళో పరువు పోతుంది వద్దని ఇంకొకరన్నారు. గంటన్నర వాదన జరిగింది. చివరికి తేల్చింది ఇది: కోశాధికారి పని ఆ క్షణం నుంచే లేదు. వాక్యం చదవడం, పాట ఎత్తుకోవడం లేదు. నెల తిరగకుండా 31,500 కట్టాలి. మే, జూన్ నెలల్లో ప్రభువు బల్లలో పాలుపంచుకోకూడదు, కానీ ఒక్క ఆరాధన కూడా మానకూడదు. పోయింది అందరి డబ్బు కాబట్టి అందరి ముందూ నేనే నిలబడి చెప్పాలి.

క్షమించానని దేవుడే అంటుంటే రెండు నెలలు దూరం పెట్టడమేమిటని నేను బాధపడ్డాను. బయటికొచ్చాక అయ్యగారితో అన్నాను కూడా. ఆయన, అమెరికా నుంచి ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి చెప్పారు. మా జిల్లా క్రైస్తవులకి తెలిసినదే, నేను మాత్రం ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. జనం బాప్తిస్మం కోసం బారులు తీరితే, కరువు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో వాళ్ళకీ తెలియాలని ఆపాడు. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "ఆపడం తోసెయ్యడం కాదు అబ్బాయ్. నీకు ఏం కావాలో నీకే తెలియాలి" అన్నారు అయ్యగారు. ఆ రాత్రి నాకు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. జూన్‌లో ఎక్కింది.

ఏప్రిల్ 16న ఒంగోలులో బండి అమ్మాను, 38,000 వచ్చింది. 17న సంఘానికి 31,500 కట్టాను. కొత్త కోశాధికారి అదే రసీదు పుస్తకంలో నాకు రసీదు రాశాడు. 'కానుక' అని అచ్చులో ఉన్న మాట కొట్టేసి 'తిరిగి చెల్లింపు' అని రాశాడు. బైబిల్లో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. నాకు ఒకంత ఇవ్వడానికే బండి పోయింది. ఆ రోజు నుంచి షేర్ ఆటోలో పనికి వెళ్తున్నాను, రోజుకి 80 అవుతుంది.

మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, ఈస్టరు, అన్నీ ఎదురుచూపులోనే గడిచాయి. నేను అందరి ముందు నిలబడి చెప్పడం పండగ పూట వద్దని ఏప్రిల్ 27కి పెట్టారు. ఆ రెండు వారాల ఎదురుచూపు చెప్పిన రోజుకంటే కష్టం. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదివాను. ఆడవాళ్ళ వైపు ఎవరో ఏడ్చారు. ఆరాధన అయ్యాక కొందరు చెయ్యి కలపలేదు, ఒకాయన తన కొడుకుని పిలిచి నా పక్కనుంచి తీసుకెళ్ళాడు. ఇవి అనుకున్నవే. అనుకోనిది ఆ వారంలో జరిగింది. ముగ్గురు మగాళ్ళు విడివిడిగా, చీకటి పడ్డాక, మా ఇంటికొచ్చి తమ సంగతి చెప్పుకున్నారు. ఒకరిది రమ్మీ, ఇద్దరివి క్రికెట్. అందులో ఒకరు పెద్దల కమిటీలో ఉన్నాయన కొడుకు. మా సంఘంలో నేనొక్కణ్ణే అనుకుని ఏడాదిన్నర బతికాను.

మే 4న పళ్ళెం నా వరసకి వచ్చింది. నా పక్కనున్నాయన తీసుకుని, నన్ను దాటించి అవతలి ఆయనకి అందించాడు. నా ఒళ్ళోనుంచే వెళ్ళింది, వాసన తెలిసింది. నెలనెలా ముప్ఫై ఏళ్ళు చూసిన ఆ చిన్న ముక్క కోసం ఒక రోజు కడుపు కాలుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇక సాయంత్రాల సంగతి. ఫోన్ నా భార్య దగ్గరే ఉంది, ఓటీపీలన్నీ ఆమెకే వెళ్తాయి, జీతం ఆమె ఖాతాకి మార్పించాం. నాకు 1,250 పెట్టి కీప్యాడ్ ఫోన్ కొన్నాం. అయినా ఏడున్నరయితే చాలు, చెయ్యి జేబులోకి వెళ్ళేది. మే 9న యుద్ధ వాతావరణం వల్ల ఐపీఎల్ వారంపాటు ఆపేశారు. మ్యాచ్‌లే లేవు కదా, ఈ వారం హాయిగా ఉంటుందనుకున్నాను. ఏమీ తేడా రాలేదు. అదే ఏడున్నర, అదే గుండె దడ, అదే చిరాకు. పిల్లాడు పుస్తకం తెస్తే కసిరాను. అప్పుడు అర్థమైంది, నన్ను లాగుతున్నది క్రికెట్ కాదు. రోజంతా రాళ్ళ దుమ్ములో గడిపి ఇంటికొచ్చాక నాలో ఖాళీగా ఉండే ఒక గంట అది. అపవిత్రాత్మ వెళ్ళిపోయి, ఊడ్చి అమర్చిన ఆ ఖాళీ ఇంటికే మరో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చిందని మత్తయి 12లో ప్రభువు చెప్పిన మాట ఎన్నోసార్లు విన్నాను. నా ఇల్లూ ఊడ్చి పెట్టి ఉంది, లోపల ఎవరూ లేరు.

నిద్ర పట్టడం లేదని తెలిసి, ఆశా కార్యకర్తగా చేసే మా మరదలు 14416కి ఫోన్ చెయ్యమంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. కోరిక వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకుండా, ఆ గంటలో చెయ్యడానికి ముందే ఒక పని, వెళ్ళడానికి ఒక చోటు పెట్టుకోమన్నారు. విశ్వాసి ఇలాంటివాటికి ఫోన్ చెయ్యకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. తప్పించుకొను మార్గము కలుగజేస్తానన్న దేవుడు అది మందిరంలోనే కలుగజేస్తానని అనలేదు.

ఆ చోటు కిరాణా కొట్టు అవుతుందని నేను ఊహించలేదు. మే 13 సాయంత్రం పెద్దాయన మా ఇంటి ముందు ఆగి, "రేపట్నుంచి ఏడింపావుకి కొట్టుకి రా. కందిపప్పు పొట్లాలు కట్టాలి. కూలి ఇవ్వను" అన్నారు. అంతే, అలా మొదలైంది. అరకిలో, కిలో తూచి కవర్‌లో పోసి దారం కట్టడం. మొదటి మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు బైబిల్ తెచ్చి నా ముందు పెట్టారు. ఆయనకి రెండు కళ్ళల్లో శుక్లాలు, ఆపరేషన్‌కి భయపడి వాయిదా వేస్తున్నారు. "చదువు, వింటా" అన్నారు. మత్తయి మొదటి అధ్యాయం వంశావళితో మొదలుపెట్టాం. రోజుకి కొంత, మధ్యలో గిరాకీ వస్తే ఆపడం, మళ్ళీ చదవడం. సంఘంలో వాక్యం చదివే భాగ్యం నాకు లేని రోజుల్లో, పప్పు బస్తాల మధ్య ఒక్కడి కోసం చదివాను. యేసు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసమున్న నాలుగో అధ్యాయం చదివిన రోజు ఆయన ఆపి అడిగారు, "నలభై రోజులయ్యాకే గదా సాతాను వచ్చాడు? ఆకలేసినాక. నీ ఆకలి యాళ ఏంది?" ఏడున్నర అన్నాను. "అందుకే ఏడింపావుకి రమ్మంది" అన్నారు.

మానేశాక మళ్ళీ పడలేదని రాస్తే బాగుండేది. జూన్ 3న ఫైనల్. ఆ రోజు ఫ్యాక్టరీలో రాత్రి లోడింగ్ ఉంది, కొట్టుకి వెళ్ళడం కుదరలేదు. తోటి పనివాడి ఫోన్‌లోంచి పంజాబ్ మీద 500 పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. బెంగళూరు ఆరు పరుగులతో గెలిచింది. 500 పోయినందుకు కాదు, ఆ రెండు గంటలు ఎంత సుఖంగా ఉన్నానో చూసుకుని భయమేసింది. అర్ధరాత్రి పన్నెండున్నరకి కొట్టు వెనక ఇంటి తలుపు కొట్టాను. పెద్దాయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, చెప్పింది విని, "తెల్లారేదాకా ఆగకుండా వచ్చావు గదా. ఈ రాత్రికి అది చాలు, పడుకో. పొద్దున అయ్యగారికి చెబుదాం" అన్నారు. ఏడాదిన్నర దాచినవాణ్ణి ఆ రోజు నాలుగు గంటలు కూడా దాచలేకపోయాను.

పెద్దలు జులై బల్ల కూడా ఆపారు. జులై 6న తిరిగి చేర్చుకోవాల్సింది, ఆగస్టు 3కి వెళ్ళింది. ఈసారి నాకు కోపం రాలేదు.

జులై 5 శనివారం తెల్లవారుజామున ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కాను. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జ్యువెట్ దొర, ఆయన భార్య, వెంట ఉన్న తెలుగు విశ్వాసులు కలిసి ఈ ఊరి కోసం ప్రార్థన చేసిన చోటు. ఆ ప్రార్థనకి జవాబుగా క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. అడిగినవాళ్ళు పన్నెండేళ్ళు ఎదురుచూశారు. నేను మ్యాచ్ మధ్యలో అడిగి, మ్యాచ్ అయ్యేలోగా జవాబు కావాలన్నవాణ్ణి. అక్కడ గంటసేపు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కింద ఊళ్ళో లైట్లు ఒక్కొక్కటే ఆరిపోవడం చూసి దిగొచ్చాను.

ఈ నెలల్లో నాలో ఏం మారిందని అడిగితే రెండే చెప్పగలను. ఒకటి, 119వ కీర్తన. 176 వచనాల్లో ఇప్పటికి 64 కంఠతా వచ్చాయి. వారానికి నాలుగైదు చొప్పున పెద్దాయనకి అప్పజెబుతాను, తప్పితే పప్పు గరిటెతో బల్ల మీద కొడతారు. రెండోది, అబద్ధం చెప్పడానికి నోరు తెరిచినప్పుడు నాకే తెలుస్తోంది. ఇంతకుముందు తెలిసేది కాదు. షేర్ ఆటోలో చిల్లర దగ్గర, ఫ్యాక్టరీలో కొలతల దగ్గర, చిన్న చిన్న చోట్ల పట్టుబడుతున్నాను.

ఆగస్టు 3 ఆదివారం వాన పడుతోంది. అయ్యగారు నా పేరు పిలిచి ముందుకి రమ్మన్నారు. నా భార్య కూడా లేచి వచ్చి పక్కన నిలబడింది, ఎవరూ రమ్మనలేదు ఆమెని. ఆరోజు పళ్ళెం తిప్పే వంతు కొట్టు పెద్దాయనది. చూపు ఆనక ఆయన పళ్ళెం నా గడ్డానికి తగిలేంత దగ్గరగా పెట్టారు. రొట్టె ముక్క తీసుకున్నాను. ద్రాక్షారసం చిన్న గ్లాసు పట్టుకున్నప్పుడు చెయ్యి వణికి సగం చొక్కా మీద ఒలికింది. ఇంటికొచ్చాక ఆ మరక ఉతకమంటావా ఉంచమంటావా అని నా భార్య అడిగింది. ఉతికెయ్యమన్నాను, ఆదివారాలకి నాకున్న మంచి చొక్కా అదొక్కటే.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర అవ్వ ఆపింది. కొంగు ముడి విప్పి నాలుగు మడతల వంద నోటు తీసి నా చేతిలో పెట్టి, "నిధికి రాయి నాయనా" అంది. ఏప్రిల్ 27న ఆమె ముందు వరసలోనే కూర్చుని ఉంది, అన్నీ విన్నది. "నేను కాదవ్వా ఇప్పుడు, ఆయన రాస్తాడు" అని చెయ్యి పట్టుకుని కొత్త కోశాధికారి దగ్గరికి తీసుకెళ్ళాను. అతను రసీదు రాసేదాకా అక్కడే నిలబడి, అంకె చదివి ఆమెకి వినిపించాను.

2025 ఆగస్టులోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ కేంద్రం చట్టం తెచ్చింది. మంచిదే. నా పాత నంబరుకి లింకులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయని నా భార్య చెప్పింది. లోన్ యాప్‌ల బాకీ తీరింది, మనుషులకి ఇంకా 31,000 ఇవ్వాలి. గాజులు బ్యాంకులోనే ఉన్నాయి, ఫిబ్రవరి దాకా గడువుంది. పెద్దాయన కళ్ళ ఆపరేషన్ వచ్చే నెల. అప్పటికి మార్కు సువార్త పూర్తవ్వాలని ఆయన పట్టుదల. నిన్న పదో అధ్యాయం అయింది. ఏడవుతోంది, కొట్టుకి బయల్దేరాలి.